ఫొటోలో లేని దారి

టైలరమ్మ తన ఇంట్లోంచి బయటికి రావాలంటే జెండా ఎత్తాలి. గుమ్మం పక్కన గోడకి ఆనించి ఉన్న ఎర్రజెండా తీసుకుని, మెట్టు మీద నిలబడి, చెయ్యి లాగేదాకా పైకెత్తి పట్టుకోవాలి. దూరాన గట్టు మీద గోల్ఫ్ ఆడేవాళ్ళు దాన్ని చూడాలి. చూసి, దయ కలిగితే, చెయ్యి ఊపాలి. అప్పుడు ఆవిడ సంచీ పట్టుకుని గడ్డి దాటి కూరగాయలకి వెళ్ళాలి. దేశాల సరిహద్దు దాటడం ఇంతకన్నా సులువేమో. అక్కడ కనీసం అడిగితే సమాధానం చెప్పడానికి ఓ మనిషుంటాడు.

ఆ మైదానం యూనివర్సిటీ వాళ్ళది. ముత్తాతల కాలంలో ఎవరో పేరున్నవాడు గీసిచ్చిన గోల్ఫ్ కోర్సట. తరవాత పట్టించుకునే దిక్కులేక పాడుపడింది. గుంటలు పూడిపోయాయి, తుప్పలు మొలిచాయి. టైలరమ్మ కాపురానికి వచ్చేనాటికి అది ఒట్టి బీడు. బీడు నడిమధ్య రాతిగోడల ఇల్లొకటి, పూర్వం కోర్సు కాపలాదారుది. తోటమాలి ఉద్యోగంతో పాటు ఆ ఇల్లు ఆవిడ మొగుడికి దఖలు పడింది. ఊరికి దూరంగా, చీకటి పడితే నక్కల కూతలతో ఉండే ఆ ఇంట్లో మొదట్లో ఆవిడ బిక్కుబిక్కుమంటూ గడిపింది. తరవాత మిషను కొనుక్కుంది. మిషను వచ్చాక మనుషులొచ్చారు.

మనుషులొచ్చాక దారి వచ్చింది. దాన్ని ఎవరూ వెయ్యలేదు. అమ్మాయిల హాస్టలు వెనక గేటు నుంచి టైలరమ్మ గుమ్మం దాకా నడిచి నడిచి పడిన కాలిబాట అది. నడుము దగ్గర వదులైందని ఒకతె, చెయ్యి బిగుసుకుపోయిందని ఒకతె, కుట్టడానికి ఏమీ లేకపోయినా ఇంటిమీద బెంగపెట్టుకుని ఊరికే కూర్చుని పోవడానికి ఇంకొకతె. పట్టాలిచ్చే రోజు వేసుకునే నల్ల గౌన్లు యూనివర్సిటీ మొత్తానికీ ఆవిడే కుట్టేది. ఆ నెలలో గుమ్మం ముందు చెప్పులకి చోటు చాలేది కాదు. హాస్టలు వార్డెను కూడా కొలతలంటూ వచ్చి, కొలతలు మానేసి కబుర్లలో పడేది. "అక్కా, నీ ఇల్లు కాదు, ఇది స్టేషను" అనేది.

ఇప్పుడా స్టేషనులో రైలాగదు.

అంతా ఆ ఫొటోతో వచ్చింది. చరిత్ర శాఖలో ఒక ప్రొఫెసరున్నాడు. మంచివాడే, చీమకి కూడా పక్కకి తప్పుకుని నడుస్తాడు. ఆయనకి ఎక్కడో ఓ పాత పెట్టెలో కోర్సు కొత్తగా ఉన్నప్పటి ఫొటో దొరికింది. గడ్డి, గుంటలు, జెండాలు, చుట్టూ పొదలకంచె, మధ్యలో ఈ రాతి ఇల్లు, అన్నీ అద్దంలో చూసినట్టు ఉన్నాయి. ఆయన ఆ ఫొటో పట్టుకుని గడప గడపా ఎక్కాడు. పూర్వవిద్యార్థుల్లో కలిగినవాళ్ళని కదిలించాడు. ఉన్నదున్నట్టు తిరిగి నిలబెడదాం అన్నాడు. అందరూ ఆయన్ని ఫొటో ప్రొఫెసరు అనడం మొదలుపెట్టారు. ఆయన దాన్ని బిరుదులాగే పుచ్చుకున్నాడు.

టైలరమ్మ మొగుడికి అంతకన్నా పెద్ద బిరుదే దక్కింది. ఆ బీడుని పచ్చగా చెయ్యగలవాడు ఆయనొక్కడే అని తేలింది. రాళ్ళు ఏరాడు, మట్టి మార్చాడు, గడ్డిని ఒక్కొక్క దుబ్బు చేత్తో నాటాడు. జ్వరమొచ్చిన పిల్లని చూసుకున్నట్టు రాత్రీ పగలూ దాన్నే చూసుకున్నాడు. పాడైన చోట వంగి వాసన చూసి రోగం చెప్పేవాడు. గడ్డి డాక్టరని పిలిచారు. పేపర్లో ఆయన బొమ్మ పడింది. జీవితంలో ఎవరూ చెయ్యి కలపని మనిషికి పెద్ద పెద్దవాళ్ళు చెయ్యి కలిపారు. ఆ రోజు ఇంటికొచ్చి, కలిపిన చేతిని కాసేపు అలాగే ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. టైలరమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అది నిజం. తరవాత ఎన్నయినా అనుకోనీ, ఆ రోజు ఆవిడ సంతోషం మాత్రం అబద్ధం కాదు.

ఆ తరవాతే ఆవిడ కూతురు దగ్గరికి కొన్నాళ్ళు ఉండి రావడానికి వెళ్ళింది. తిరిగొచ్చి చూస్తే దారి లేదు.

హాస్టలు గేటు దగ్గర నిలబడి ఆవిడ తన ఇంటివైపు చూసింది. ఎటు చూసినా పచ్చదనమే. కాలిబాట మీద కొత్త గడ్డి పరుచుకుని ఉంది. గుమ్మం ఎదురుగా బాట మొదలయ్యే చోట పొదలకంచె నాటి ఉంది. ఒక మనిషి పక్కకి తిరిగి దూరేటంత సందు మాత్రం వదిలారు.

"ఏవండీ, మన దారేదీ?" అంది ఇంట్లోకి అడుగుపెడుతూనే.

గడ్డి డాక్టరు నీళ్ళు నమిలాడు. "ఫొటోలో లేదు" అన్నాడు.

"ఎవరు పూడ్చారు?"

"మనవాళ్ళే."

"మనవాళ్ళంటే?"

ఆయన సమాధానం చెప్పలేదు. గోళ్ళలో మట్టి చెప్పింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ప్రతి మాటకీ అదే జవాబు. బంతులు రివ్వున వచ్చి కిటికీ అద్దాలు పగలగొడుతున్నాయి, వల కట్టించండి అంటే ఫొటోలో వల లేదన్నారు. దాంతో చెక్క తలుపులు మూసుకుని, మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకుని కుట్టాల్సి వచ్చింది. పెరట్లో బట్టలారేసే తీగ కూడా ఫొటోలో లేదట. తడిబట్టలు వంటింట్లో కుర్చీల మీద ఆరుతూ, ఇల్లంతా ముక్కవాసన వేసేది. బయటికి వెళ్ళే దారి అడిగితే జెండా ఇచ్చారు. అదీ ఆవిడ చేతే కుట్టించారు. ట్రాక్టరు తిరిగే చుట్టుదారి ఒకటి ఉందిగాని, అది కూడా బంతులు పడే చోటు దాటుకునే పోవాలి. సోమవారం ఒక్కరోజు ఆట సెలవు. ఆ ఒక్కరోజే ఆవిడ మనిషి.

"నేను కూడా ఫొటోలో లేనుగా" అంది ఒకసారి అన్నం వడ్డిస్తూ. "నన్నేం చేద్దామంటారు?"

గడ్డి డాక్టరు పెద్దగా నవ్వాడు. ఆవిడ నవ్వలేదని ముద్ద నోట్లో పెట్టుకున్నాక గానీ గమనించలేదు.

కొలతలకి వచ్చే అమ్మాయిలు మొదట్లో పంతంగా వచ్చారు. కంచె అవతల నిలబడి "ఆంటీ, జెండా ఎత్తండి!" అని కేకలు పెట్టేవారు. ఆవిడ ఎత్తేది. గట్టు మీదివాళ్ళు చూసేవారు. చూసి, ఈ ఒక్క బంతీ కొట్టేద్దాం అనుకునేవారు. ఒకడి తరవాత ఒకడు ఆ ఒక్క బంతీ కొట్టేసరికి అమ్మాయిలకి క్లాసు వేళయ్యేది. మెల్లగా రావడం మానేశారు. గౌన్ల పని మాత్రం ఇంకా ఆవిడకే ఉంది. అదీ ఈ ఏటికే. కొలతలు తీసుకోలేని టైలరు చేతికి వచ్చే ఏడు ఎవరిస్తారు?

కూతురు ఫోను చేసి, "అమ్మా, మీ ఇల్లు గోల్ఫ్ కోర్సు మధ్యలో ఉందంటే మా ఆఫీసువాళ్ళు కుళ్ళుకుంటున్నారే, రిసార్టులో ఉంటారా అని" అంది.

"అవునే" అంది టైలరమ్మ. "సెలవు కూడా ఇవ్వని రిసార్టు."

ఇలా ఉండగా ఎండలు ముదిరాయి. ఒకరోజు తెల్లవారుతూనే నీళ్ళ చప్పుడుకి ఆవిడకి మెలకువ వచ్చింది. కిటికీ సందులోంచి చూసింది. గడ్డి డాక్టరు గొట్టం పట్టుకుని, చుట్టూ చూసుకుంటూ, ఒకే గీత వెంట నీళ్ళు పెట్టుకుంటూ పోతున్నాడు. మర్నాడూ అంతే. ఏమిటా అని సోమవారం పూట వెళ్ళి చూస్తే అర్థమైంది. ఇంటి గుమ్మం నుంచి హాస్టలు గేటు దాకా గడ్డి పసుపురంగుకి తిరిగింది. అచ్చం పాత బాట వెడల్పున, పాత బాట వంపులతో సహా.

"నేల రాయైపోయింది" అన్నాడాయన అడిగితే. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇన్నేళ్ళు తొక్కిన నేల కదా. పైన ఎంత మంచి గడ్డి పరిచినా కిందికి వేరు దిగట్లేదు. ఎంత నీళ్ళు పోసినా పైనే పారిపోతోంది. లైబ్రరీ మేడ మీంచి చూస్తే గీత గీసినట్టు కనబడుతోందట. ప్రొఫెసరుగారు రోజూ అడుగుతున్నారు."

"ఏమంటున్నారు?"

"వార్షికోత్సవం ఆటల పోటీ అయిపోయాక యంత్రం తెచ్చి లోతుగా తవ్వించేస్తారట. గట్టినేల మొత్తం పెళ్ళగిస్తే గానీ లాభం లేదు."

టైలరమ్మకి లోపల ఏదో గట్టిగా కదిలింది. ఎంతమంది పిల్లల పాదాలు, ఎన్ని సాయంత్రాలు! అవన్నీ కింద అలాగే ఉన్నాయి, పైకి వస్తామంటున్నాయి. ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకి ఒళ్ళు ఝల్లుమంది. మొగుడి మీద జాలి కూడా వేసింది. జాలి వేసినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

పోటీకి ముందురోజు సాయంత్రం వార్డెను ఫోను చేసింది.

"అక్కా, బజారు వరసలో చివరి కొట్టుగది ఖాళీ అయింది, నీ పేరు రాయించాను. ఎస్టేటాఫీసరు ఒప్పుకున్నాడు. రేపు మధ్యాహ్నం లోపు నువ్వే వచ్చి సంతకం పెట్టి తాళంచెవి తీసుకోవాలి. రాకపోతే జిరాక్సువాడికి ఇచ్చేస్తాడు. వాడక్కడే గుడ్లప్పగించి కూర్చున్నాడు."

"రేపా?" అంది టైలరమ్మ.

"ఎల్లుండైతే కుదరదక్కా. నేను బతిమాలి చూశాను."

బజారు వరస అంటే హాస్టలు గేటు పక్కనే. గదికి రోడ్డువైపు తలుపు. తలుపు ముందు మనుషులు నడుస్తారు. ఎవరికి కావాలంటే వాళ్ళు వస్తారు, ఎప్పుడు పోవాలంటే అప్పుడు పోతారు. ఇంతకన్నా ఆవిడ దేవుణ్ణి కూడా ఏమీ అడగదు.

గడ్డి డాక్టరు ఇంటికి రాగానే చెప్పింది. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అలాగే ఆగిపోయాడు.

"రేపు వద్దే" అన్నాడు.

"రేపే ఇస్తారట."

"రేపు పెద్దవాళ్ళంతా వస్తున్నారు. ఫొటోలో ఉన్నట్టే బట్టలు కూడా కుట్టించుకున్నారు. ఎప్పుడూ గట్టు మీద ఎవరో ఒకరుంటారు. ఆ గీతకే నాకు తలకాయ తీసేసినట్టుంది, దానికి తోడు నువ్వు మధ్యలోంచి జెండా పట్టుకుని బయల్దేరితే నా పరువేం కాను? ఎల్లుండి నేనొచ్చి ఎస్టేటాఫీసరు కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కరోజు ఓపిక పట్టు."

"ఏడాదిగా పడుతున్నది ఓపిక్కాదా?"

తెల్లారి ఆవిడ లేచేసరికి ఆయన వెళ్ళిపోయాడు. గుమ్మం పక్కన జెండా లేదు.

టైలరమ్మ ఆ ఖాళీ గోడవంక చూస్తూ నిలబడింది. ఎక్కడైనా పడిపోయిందేమోనని తలుపు వెనక చూసింది, మంచం కింద చూసింది. తనకే తెలుసు లేదని. అయినా వెతికింది. మొగుడు ఇంట్లోంచి జెండా పట్టుకుపోయాడు అనే మాట మనసు ఒప్పుకోవడానికి ఆ వెతుకులాట కావలసి వచ్చింది. తిట్టలేదు, కొట్టలేదు. గొళ్ళెం కూడా పెట్టలేదు. చిన్న కర్రముక్క తీసుకుపోయాడు, అంతే. పాతికేళ్ళ కాపురంలో ఆయన చేసిన పనులన్నిట్లో ఆవిడకి ఏడుపు తెప్పించింది ఇదే.

కాసేపు ఏడ్చింది. మిషను ముందు కూర్చునే ఏడ్చింది, ఆ ఇంట్లో కూర్చోడానికి ఆవిడకి ఇంకో చోటు అలవాటు లేదు. ముక్కు తుడుచుకుని తల ఎత్తేసరికి ఎదురుగా చిలక్కొయ్యలకి గౌన్లు వేలాడుతున్నాయి. పక్కన బల్ల మీద డాక్టరేటు పట్టా వాళ్ళ భుజాల మీదికి వేసే ఎర్రపట్టు. మడత విప్పని తాను, నిగనిగలాడుతోంది.

ఆవిడ కత్తెర తీసుకుంది.

ఇచ్చిన జెండా చేతిరుమాలు కన్నా కాస్త పెద్దది. ఇది దుప్పటంత కోసింది. అంచులు మడిచి రెండేసి కుట్లు వేసింది, గాలికి చిరక్కుండా. తొందర్లో కూడా కుట్టు వంకర పోలేదు. బూజుకర్రకి ఎక్కించి, కట్టుకున్న చీర మార్చి, సంచీ భుజాన తగిలించుకుని మెట్టు మీదికి వచ్చింది.

గట్టు మీద మోకాళ్ళ దాకా మేజోళ్ళు, ఉన్ని టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు చెమటలు కక్కుతున్నారు. ఆవిడ జెండా ఎత్తింది. అంత ఎర్రది కనబడకపోవడం అనేది జరగదు. ఒకాయన చూశాడు. పక్కాయనకి చూపించాడు. ఇద్దరూ ఏదో అనుకున్నారు. తరవాత ఒకాయన వంగి బంతి పెట్టుకున్నాడు.

ఆవిడ దించలేదు. ఆ జట్టు వెళ్ళింది, ఇంకో జట్టు వచ్చింది. వాళ్ళూ చూశారు. ఒకాయన చెయ్యెత్తాడు, ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఆయన టోపీ సర్దుకుని చెయ్యి దించేశాడు. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. ఫోను మోగింది. "అక్కా, బయల్దేరావా? ఆఫీసరు వాచీ చూస్తున్నాడు" అంటోంది వార్డెను. టైలరమ్మ భుజాలు పీక్కుపోతున్నాయి. ఈ మెట్టు మీదే జుట్టు నెరిసిపోతుంది తనకి. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ ఒక్క బంతి కొట్టేసి ఆగుదామనే అనుకుంటారు. ఆ ఒక్క బంతీ ఎప్పటికీ అయిపోదు.

"బయల్దేరాను" అంది ఫోన్లో. మెట్టు దిగింది.

కంచె సందులోంచి దూరి, పసుపుగీత మీద కాలు పెట్టింది. గడ్డి కింద నేల గట్టిగా తగిలింది. ఎంతకాలమైందో ఆ గట్టిదనం పాదానికి తెలిసి! జెండా రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని నడిచింది. పరిగెత్తలేదు. వెనకాల "ఫోర్!" అని కేక వినబడింది, అంటే బంతి వస్తోంది తప్పుకోమని. ఎటు తప్పుకోవాలి? కళ్ళు మూసుకుని నడుస్తూనే ఉంది. బంతి దబ్బున కుడిపక్క పడి దొర్లిపోయింది. ఆవిడ అడుగు ఆగలేదు. ఆగితే మళ్ళీ కదలలేనని ఆవిడకి తెలుసు.

ఎడంవైపు గుంట దగ్గర మొగుడు కనబడ్డాడు. పక్కన ఫొటో ప్రొఫెసరు.

"ఎవరావిడ? అదేమిటి మధ్యలోంచి? ఆపండావిడ్ని!" అంటున్నాడు ప్రొఫెసరు.

గడ్డి డాక్టరు చంకలో చుట్టిపెట్టిన పాత జెండా ఉంది. ఆయన ఆవిడకేసి చూశాడు. ఆవిడ ఆయన కేసి చూసింది. అది విప్పి గట్టువైపు ఒక్కసారి ఊపితే చాలు, ఆట ఆగుతుంది. ఊపుతాడని ఆవిడ చాలా ఆశపడింది. ఆయన చెయ్యి కదలలేదు. ఆపమన్నా ఆపలేదు, అడ్డమూ రాలేదు. దిష్టిబొమ్మలా నిలబడిపోయాడు. ఆవిడ ముఖం తిప్పుకుని నడిచింది.

గేటు దాటాక వార్డెను పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. ఆఫీసులో ఎస్టేటాఫీసరు అప్పటికే సొరుగు మూస్తున్నాడు. జిరాక్సువాడు లేచి నిలబడ్డాడు కూడా. టైలరమ్మ ఆ దుప్పటంత జెండాతోనే లోపలికి వెళ్ళేసరికి ఆఫీసంతా నోరు వెళ్ళబెట్టింది.

"ఇదేమిటమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఇంటి నుంచి వస్తున్నానండీ" అంది ఆవిడ.

సంతకం పెట్టింది. తాళంచెవి గుప్పిట్లో పడింది.

గది చిన్నది. గోడలకి సున్నం రాలుతోంది. ఆవిడ తలుపులు బార్లా తీసి, చీపురు అడిగి తెచ్చుకుని ఊడ్చింది. ఊడుస్తుంటేనే ఓ అమ్మాయి తొంగిచూసి, "ఆంటీ! మీరేనా!" అని అరిచింది. సాయంత్రమయ్యేసరికి గదినిండా పిల్లలే. మిషను లేదు, టేపు లేదు, అయినా జేనతోనే కొలతలు తీయించుకున్నారు. ఇంతకాలం ఏమైపోయారాంటీ అని ఒకతె అడిగింది. ఎదురుగానే ఉన్నానమ్మా అంది.

ఎండ వాలాక పిల్లలు వెళ్ళిపోయారు. ఇల్లు గుర్తొచ్చింది. పొయ్యిమీద ఏమీ లేదు, ఆయన పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నాడో లేదో. జెండా తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. ఆట ఇంకా సాగుతోంది, చివరి జట్టు గట్టు మీద ఉంది. ఆవిడ జెండా ఎత్తింది. ఎవరూ ఇటు చూడలేదు. జెండా ఇంటి గుమ్మంలోంచి లేస్తుందని మాత్రమే వాళ్ళకి చెప్పి ఉన్నారు. ఆవిడ తిరిగి కూడా రావాల్సి ఉంటుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. వెళ్ళడానికి ఒక నియమమైనా ఉంది, రావడానికి అదీ లేదు. ఆ పచ్చటి మైదానం అంచున నిలబడితే ఆవిడకి ఒక్కసారిగా నీరసం ముంచుకొచ్చింది.

గడ్డి డాక్టరు చూశాడు. గుంట దగ్గర వంగి ఏదో సర్దుతున్నవాడు లేచి నిలబడ్డాడు. చంకలోంచి పాత జెండా తీశాడు. విప్పాడు. గబగబా గట్టు కింద కొట్టేవాళ్ళకి సరిగ్గా ఎదురుగా వెళ్ళి ఎత్తాడు.

"ఆగండి!" ఆయన కేక ఇటు గేటు దాకా వినబడింది. అంత గొంతు ఉందని ఆవిడకే తెలీదు. "మా ఆవిడ ఇంటికొస్తోంది. ఆగండి!"

ప్రొఫెసరు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. గడ్డి డాక్టరు ఆయనవైపు తిరగలేదు. గట్టు మీద కర్రలన్నీ కిందికి దిగాయి. మేజోళ్ళ పెద్దమనుషులు వరసగా నిలబడిపోయారు. మైదానమంతా నిశ్శబ్దమైంది. ఇన్నాళ్ళలో మొదటిసారి అందరూ ఆవిడ కోసం ఆగారు.

ఆవిడకి వెళ్ళాలనే అనిపించింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి, అన్నం వండి, ఎదురుగా కూర్చోబెట్టి తినిపించాలనిపించింది. ఒక అడుగు వేసింది కూడా. రెండో అడుగు పడలేదు. ఇప్పుడు వెళితే మళ్ళీ తెల్లారి ఆ మెట్టు, ఆ జెండా, ఆ ఒక్క బంతి.

పసుపుగీత మొదట్లో నేల బాగా గట్టిగా ఉంది. ఆవిడ బూజుకర్రని రెండు చేతుల్తో పట్టి, బరువంతా వేసి దిగేసింది. ఎర్రపట్టు గాలికి రెపరెపలాడింది. మొగుడికేసి చూసి, ఆ జెండాని వేలితో చూపించింది. తరవాత వెనక్కి తిరిగి బజారు వరసకేసి నడిచింది. ఏడుపు వచ్చింది గాని వెనక్కి చూడలేదు.

గదిలో లైటు వేసి, వార్డెను పంపిన అన్నం గిన్నె మీద మూతపెట్టి, చాప మీద కూర్చుంది. వస్తాడో రాడో. రాకపోతే ఏం చెయ్యాలో ఆవిడ ఆలోచించుకోలేదు. అలా కూర్చోవడం మాత్రం జెండా ఎత్తి నిలబడటం కన్నా కష్టంగా ఉంది.

చాలాసేపటికి గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది.

ఆయనే. బూట్లకి పసుపు గడ్డిపరకలు అంటుకుని ఉన్నాయి. ఆ గడ్డి నాటినప్పటి నుంచి ఆ మనిషి దానిమీద బూట్లతో అడుగు పెట్టిన పాపాన పోలేదు.

"చుట్టూ తిరిగొచ్చారా?" అంది ఆవిడ.

"లేదు. అడ్డంగానే వచ్చా."

"ప్రొఫెసరుగారేమన్నారు?"

"రేపు ఆఫీసుకొచ్చి కలవమన్నారు. తవ్వకం దగ్గరుండి చేయించమన్నారు. నావల్ల కాదన్నాను." ఆయన వెనక్కి తిరిగి మైదానంకేసి చూశాడు. "ఉద్యోగం మాటేమో గాని, ఇల్లు పోతుందేమోనే."

"ఆ ఇల్లెక్కడికీ పోదు లెండి" అంది టైలరమ్మ. "ఫొటోలో ఉందిగా."

ఆయన నవ్వబోయాడు, చాతకాలేదు. చంకలో పాత జెండా ఇంకా అలాగే ఉంది. గడప అవతలే నిలబడి, లోపలికి రావచ్చో రాకూడదో తెలియనట్టు, ఆవిడ ముఖంకేసి చూస్తున్నాడు. రోజూ మెట్టు మీద నిలబడి గట్టువైపు తను చూసిన చూపే అది. ఆవిడ గుర్తుపట్టింది. కాసేపు అలాగే నిలబడనిచ్చింది. తప్పు కాదు, ఆ కాసేపూ ఆయనకి తెలియాలి.

తరవాత గిన్నె మీద మూత తీసింది.

"లోపలికి రండి" అంది. "ఇక్కడ జెండా ఎత్తక్కర్లేదు."